పదునాలుగు దినముల పథ్యము

శస్త్రచికిత్స యనగానే లోకమునకు స్ఫురించునది కత్తి. వైద్యుని హస్తవాసిని గూర్చి పదిమందియు చెప్పుకొందురు. రోగి చేయవలసిన పనియు ఒకటి కలదనియు, అది బల్ల యెక్కుటకు ముందే పూర్తి కావలెననియు తలచువారు తక్కువ. స్థూలకాయమునకు చేయు చికిత్సలో ఈ ముందటి పని మిక్కిలి పెద్దది. ఒక్కొక్కప్పుడది జన్మకొకసారి వచ్చు అవకాశమును సైతము విడువుమని అడుగును.

ఉదాహరణకు ఒక తెలుగు ఉపాధ్యాయినిని ఊహింతము. వయస్సు నలుబది యెనిమిది. ఎత్తు 158 సెంటీమీటర్లు. బరువు 100 కిలోలు. బి.ఎం.ఐ. అను సూచిక 40. పదేండ్లుగా మధుమేహము. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చును. నెలల తరబడి పరీక్షలు జరిగి, వేసవి సెలవులు కలిసివచ్చునట్లు మే 20వ తేదీ నిర్ణయమైనది. అంతలో అమెరికాలోని తెలుగువారు మూడు దినములు జరుపు శతావధానమునకు రమ్మని పిలుపు వచ్చినది. సమస్య నిచ్చు పృచ్ఛకులలో ఒక స్థానము. రానుపోను ఖర్చు వారిదే. ఇరువదేండ్లు పల్లెటూరి బడిలో గణములు, యతిప్రాసలు బోధించిన వారికి అట్టి పీఠము ఎంతటిదో తెలుగు పంతుళ్లకు వేరుగా చెప్పనక్కరలేదు. సభ 11న మొదలై 13న ముగియును. 15వ తేదీకి ఇల్లు చేరవచ్చును. “ఇంకను ఐదు దినములుండగనే వత్తువు గదా, వెళ్లి రమ్మ”ని చుట్టములందురు. పంచాంగమును బట్టి వారి మాట సరియైనదే. కాని కాలేయము పంచాంగము చూడదు.

ఈ చికిత్సలలో నేడు విరివిగా జరుగు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయమును నిలువుగా కోసి, సుమారు 75 నుండి 80 శాతము తొలగింతురు. చిన్న రంధ్రములగుండ పరికరములు పోనిచ్చి చేయు పని యిది. జీర్ణాశయపు పైభాగమును కాలేయపు ఎడమ తమ్మె కప్పియుండును. దానిని పైకెత్తి పట్టినగాని క్రింది చోటు కానరాదు. స్థూలకాయులలో కాలేయము తరచు కొవ్వు పట్టి, ఉబ్బి, మెత్తబడి యుండును. ఎత్తబోయిన చిట్లి నెత్తురు కారవచ్చును. అందుచేతనే చాలచోట్ల శస్త్రచికిత్సకు ముందు రెండు వారములు దినమునకు 800 నుండి 1000 కేలరీలకు మించని ఆహారము విధింతురు. కాలేయమున గ్లైకోజెన్ రూపమున చక్కెర నిలువయుండును. దానిలో ప్రతి గ్రామును సుమారు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. తిండి తగ్గిన కొలది ఆ నిలువ కరిగి, నీరు పోయి, అటుపై కొవ్వును తగ్గును. 2006లో ప్రకటితమైన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో పన్నెండు వారములు ఇట్టి పథ్యము పెట్టి చూడగా, కాలేయపు పరిమాణములో వచ్చిన తగ్గుదలలో 80 శాతము మొదటి రెండు వారములలోనే వచ్చినది.

అవధాన పరిభాషలో ఇది నిషిద్ధాక్షరి వంటిది. ఒక్కొక్క అక్షరమును అడ్డగించుచుండగా మిగిలిన వానితోనే పద్యము నడువవలెను. భేదమేమన, అక్కడ నిషేధించువాడు ఎదుట కూర్చుండును. ఇక్కడ ఎదుట కూర్చుండువారందరును “మరి యొక్క బొబ్బట్టు” అనువారే. తెలుగువారి ఆతిథ్యములోని మొగమాటము ఏ పథ్యమునైనను మూడు పూటలలో చెరుపగలదు. పైగా తిండి ఇంతగా తగ్గినపుడు మధుమేహపు మందుల మోతాదు వైద్యుడు కనిపెట్టి మార్చుచుండవలెను. లేనిచో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును.

ఇక ప్రయాణము. ఒక్క దారియే ఇరువది గంటలకు పైమాట. నాలుగు గంటలు మించి కదలక కూర్చుండు ప్రయాణమువలన సిరలలో నెత్తురు గడ్డకట్టు అపాయము సుమారు రెండింతలగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపినది. ఆరోగ్యవంతులలో అది ఆరువేలమందిలో ఒకరికి మాత్రమే; స్థూలకాయులకు హెచ్చు. ఆ అపాయము విమానము దిగగానే తీరదు, కొన్ని వారములు వెన్నంటియుండును. కాలి సిరలో పుట్టిన గడ్డ ఊపిరితిత్తులకు చేరుట ఈ శస్త్రచికిత్స పిమ్మట సంభవించు మరణముల ముఖ్య కారణములలో ఒకటి. ప్రయాణములో తగిలిన జలుబు, దగ్గు సైతము మత్తు ఇచ్చు వైద్యునిచే తేదీని మార్పింపగలవు.

తేదీనే మార్చుకొనరాదా యని అడుగవచ్చును. మార్చుకొనవచ్చును. కాని బడి తెరచిన పిమ్మట వారముల తరబడి సెలవు దొరకుట కష్టము. మరుసటి వేసవి వరకు ఒక యేడు మధుమేహము తన పని తాను చేయుచునే యుండును.

అట్లని విడిచినది స్వల్పమనుట న్యాయము కాదు. “మరల పిలుతురులే” అని ఓదార్చుట సులభము, పిలువకపోవచ్చును. ఈ త్యాగమునకు చప్పట్లును లేవు. చిట్లని కాలేయమును, పుట్టని నెత్తురుగడ్డను ఎవరికి చూపగలరు? సభకు పోయినవారి ఛాయాచిత్రములు మాత్రము అందరికిని కనిపించును. ఆమె నిర్ణయమును చాదస్తమనువారు తప్పక ఉందురు. వారికి లెక్క చూపి ఒప్పించుట అసాధ్యము.

ఆమె చేయదగినది రెండు పంక్తుల ఉత్తరము: రాలేకపోవుటకు క్షమాపణ, తన స్థానమునకు తగిన మరియొకరి పేరు. కూర్చియుంచిన సమస్యను కూడ అందులో పెట్టి పంపవచ్చును. అవధాని దానిని పూరించు వేళకు ఇక్కడ పథ్యము ఏడవ దినమున నుండును.