ఉప్పల్‌లో ఆడని ఆ ఒక్క మ్యాచ్

అభిమాన ఆటగాడో, ఇష్టమైన బ్యాండో ‘ఇక చాలు’ అంటే మనకెందుకు అంత కోపం వస్తుంది? 2012లో మన ఉప్పల్ స్టేడియం పక్కన మొదలైన ఈ ప్రశ్న, ఉద్యోగ వేటలో ఉన్న మీకూ ఎక్కడో తగులుతుంది.

2012 ఆగస్టు 18, శనివారం. అప్పుడు నేను పదో తరగతి. నాచారంలో మా ఇంటి సందు చివర ఉన్న టీకొట్టులో చిన్న టీవీ ఉండేది. సాయంత్రం ట్యూషన్‌కి వెళ్తుంటే దాని ముందు ఒక గుంపు. మ్యాచ్ ఏమీ లేదు. స్క్రీన్ మీద వీవీఎస్ లక్ష్మణ్ ప్రెస్‌మీట్. అంతర్జాతీయ క్రికెట్ నుంచి తప్పుకుంటున్నానని చెబుతున్నాడు. అదీ ఆ క్షణం నుంచే.

ఐదు రోజుల్లో, ఆగస్టు 23న, ఉప్పల్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు మొదలవ్వాలి. జట్టులో ఆయన పేరుంది. సొంత ఊరు, సొంత గ్రౌండ్. నాన్న పనిచేసే కంపెనీలో ఎవరినో బతిమాలి నాలుగో రోజుకి రెండు టికెట్లు సంపాదించారు. అవి మా బీరువాలో, రేషన్ కార్డు పక్కన భద్రంగా ఉన్నాయి.

‘అరే, ఒక్క మ్యాచ్ ఆడి పోవచ్చు కదరా!’ అన్నాడు టీకొట్టాయన. ఆ గుంపులో అందరి మాటా అదే. కాసేపటికి మాట మారింది. బోర్డుని తిట్టారు, సెలెక్టర్లని తిట్టారు, కెప్టెన్‌ని తిట్టారు. నేను ఇంటికెళ్లి టికెట్లు తీసి చూసుకున్నాను. అవి చెల్లుతాయి, మ్యాచ్ జరుగుతుంది. అయినా ఎవరో మోసం చేసినట్టు అనిపించింది.

నలుగురి బ్యాండ్

ఆ కోపం ఎందుకో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. సచిన్, ద్రవిడ్, గంగూలీ, లక్ష్మణ్... ఈ నలుగురినీ ‘ఫ్యాబ్ ఫోర్’ అనేవారు. ఆ పేరు క్రికెట్‌లో పుట్టింది కాదు. 1960లలో ప్రపంచాన్ని ఊపేసిన ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ బీటిల్స్‌కి పెట్టిన ముద్దుపేరు అది. వాళ్లూ నలుగురే. 1970 ఏప్రిల్‌లో ఆ బ్యాండ్ విడిపోయిందన్న సంగతి అభిమానులకు పొద్దున్నే పేపర్లో తెలిసింది.

మన బ్యాండ్ ఒక్కసారిగా విడిపోలేదు, ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. 2008 నవంబరులో నాగ్‌పూర్‌లో గంగూలీ. 2012 మార్చిలో బెంగళూరులో ద్రవిడ్. ఐదు నెలలకే హైదరాబాద్‌లో లక్ష్మణ్. చివరికి 2013 నవంబరులో ముంబైలో సచిన్.

నా వయసు వాళ్లకి ఊహ తెలిసినప్పటి నుంచి టీవీ పెడితే వీళ్లే కనిపించేవారు. మన చదువు, మన ఇల్లు, మన సెలవులు అన్నీ ఆ ఆటతో కలిసిపోయి ఉంటాయి. 2010 అక్టోబరులో మొహాలీలో వెన్నునొప్పితో వంగలేక వంగుతూ, టెయిలెండర్లని పక్కన పెట్టుకుని లక్ష్మణ్ 73 నాటౌట్‌గా నిలిచాడు. ఆస్ట్రేలియా మీద ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. ఆ రోజు మా నాన్న ఎక్కడ కూర్చున్నారో, ఏ చొక్కా వేసుకున్నారో ఇప్పటికీ చెప్పగలను. అలాంటి మనిషి వెళ్లిపోతే మన జీవితంలో ఒక ముక్క కూడా పాతబడిపోతుంది. మనల్ని బాధపెట్టేది అదే. తిట్టడానికి మాత్రం సెలెక్టర్లు దొరుకుతారు.

వీడ్కోలు అందరికీ ఒకేలా దొరకదు. సచిన్‌కి వాంఖడేలో 200వ టెస్టు, మైదానంలో ప్రసంగం, దేశమంతా టీవీల ముందు. హెవీ మెటల్‌కి పునాది వేసిన బ్లాక్ సబ్బాత్ 2025 జులై 5న తమ సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లో ఆఖరి షో చేసింది. నిలబడలేని స్థితిలో ఓజీ ఓస్బోర్న్ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. పదిహేడు రోజులకి కన్నుమూశాడు. కెనడా బ్యాండ్ రష్ అభిమానులకు ఆ అవకాశం రాలేదు. 2015 ఆగస్టు 1న లాస్ ఏంజెలిస్‌లో జరిగిన షో, డ్రమ్మర్ నీల్ పియర్ట్‌తో వాళ్లకి చివరిది. 2020 జనవరిలో ఆయన చనిపోయాడు.

లక్ష్మణ్‌కి ఉప్పల్‌లో అలాంటి వీడ్కోలు దొరికేదే. సిద్ధంగా ఉంది కూడా. ఆయన వద్దనుకున్నాడు.

మూడు సార్లు ‘చాలు’

అప్పట్లో నాకు అర్థం కాలేదు. తర్వాత ఆయన కెరీర్ చదువుతుంటే తెలిసింది, ‘చాలు’ అనడం ఆయనకి 2012లో కొత్త కాదు.

మొదటిది పదిహేడేళ్లప్పుడు. అమ్మానాన్నలిద్దరూ డాక్టర్లు. ముందు మెడిసిన్ దారి ఉంది. క్రికెట్ ఎంచుకున్నాడు, కానీ గడువు పెట్టుకుని. నాలుగైదేళ్లలో దేశానికి ఆడితే సరి, లేదంటే తిరిగి చదువే. 1996 నవంబరులో, ఇరవై రెండేళ్లకి, అహ్మదాబాద్‌లో దక్షిణాఫ్రికా మీద తొలి టెస్టు ఆడాడు. గడువు లోపలే.

రెండోది 2000లో. జట్టు ఆయన్ని ఓపెనర్‌గా పంపుతూ ఉండేది. ఆ ఏడాది జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గానే 167 కొట్టాడు. అయినా అది తన చోటు కాదని తెలుసు. జట్టులో స్థానం పోయాక, ఇక ఓపెనింగ్ చేయనని తేల్చి చెప్పేశాడు. చేతిలో ఉన్న చిన్న అవకాశాన్నీ వదులుకోవడమే అది. కానీ ఊరికే కూర్చోలేదు. 1999-2000 రంజీ సీజన్‌లో హైదరాబాద్ తరఫున 8 సెంచరీలతో 1,415 పరుగులు చేశాడు. మిడిలార్డర్ బ్యాట్స్‌మన్‌గా తిరిగొచ్చిన కొద్దికాలానికే, 2001 మార్చిలో, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఫాలోఆన్ ఆడుతూ 281. ద్రవిడ్‌తో 376 పరుగుల భాగస్వామ్యం. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా ఆ మ్యాచ్ ఓడిపోయింది.

మూడోది 2012. అంతకుముందు ఏడాది కాలంలో ఇంగ్లండ్‌లో నాలుగు, ఆస్ట్రేలియాలో నాలుగు టెస్టులు వరసగా ఓడిపోయాం. లక్ష్మణ్ అన్నింట్లోనూ ఆడాడు, పరుగులు రాలేదు. ముందు ఇంగ్లండ్, ఆస్ట్రేలియాతో సొంతగడ్డ మీద సిరీస్‌లున్నాయి, కుర్రాళ్లకి వాటికి ముందే చోటు దొరకాలి, తన మనస్సాక్షి అదే చెబుతోంది అని ప్రెస్‌మీట్‌లో చెప్పాడు. 134 టెస్టులు, 8,781 పరుగులు, 17 సెంచరీలు. ఉప్పల్‌లో ఆడిన టెస్టు మాత్రం ఒక్కటే, 2010 నవంబరులో ఆ గ్రౌండ్‌లో జరిగిన తొలి టెస్టు.

ఈ మూడింటిలో గట్టి లాజిక్ ఉంది. మొదటిసారి గడువు ముందే పెట్టుకున్నాడు. రెండోసారి తనకి నప్పని పని మానేసి, నప్పే పనిలో రుజువు చూపించాడు. మూడోసారి తన ఒక్కడి ముచ్చట కంటే ముందున్న సిరీస్‌లని చూశాడు.

నా నాలుగో అటెంప్ట్

ఇది మీకెందుకు చెబుతున్నానంటే, నా దగ్గర ఆ లాజిక్ లేదు కాబట్టి.

2019లో బీటెక్ అయింది. ఫైనల్ ఇయర్‌లో ఒకసారి, 2020లో ఒకసారి, 2021లో ఒకసారి గేట్ రాశాను. మూడోసారి, అనుకున్న ఇన్‌స్టిట్యూట్ కటాఫ్‌కి కొద్దిలో తప్పింది. ‘ఇంకొక్కటి’ అన్నాను. టీకొట్టాయన అన్న మాటే అది, తొమ్మిదేళ్ల తర్వాత నా నోట్లోంచి వచ్చింది.

నాన్న కోప్పడలేదు. ‘ఎప్పటిదాకారా?’ అని మాత్రం అడిగారు. సమాధానం లేదు. ఎందుకంటే మొదలుపెట్టిన రోజు ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. మూడేళ్లు పోయాక గడువు గురించి ఆలోచించడం మొదలుపెడితే, పోయిన మూడేళ్లే అడ్డం వస్తాయి. ‘ఇంత చేసి ఇప్పుడు ఆపుతానా’ అనిపిస్తుంది. ఆ సెప్టెంబరులో అప్లికేషన్ సగం నింపి, ఫీజు కట్టకుండా వదిలేశాను. ఉప్పల్‌లోనే ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనికి చేరాను. ఇప్పటికీ మార్చిలో గేట్ రిజల్ట్స్ వచ్చిన రోజు కటాఫ్‌లు వెతుకుతాను. అది పోదు. పోవాల్సిన అవసరమూ లేదనుకుంటా.

ఆపడమే కరెక్ట్ అని మీకు చెప్పట్లేదు. నాతో పాటు చదివిన ఫ్రెండ్ నాలుగోసారి రాశాడు, మంచి ఎన్‌ఐటీలో ఎంటెక్ చేశాడు. కాకపోతే వాడు ‘నాలుగు, అంతే’ అని మొదటి రోజే ఇంట్లో చెప్పాడు. మా ఇద్దరికీ తేడా ర్యాంకులో కంటే ఎక్కువగా అక్కడే ఉంది. వాడు నాలుగో ఏడాది ప్రశాంతంగా చదివాడు. నేను మూడో ఏడాదంతా భయపడుతూ చదివాను.

గడువు మన చేతిలో ఉందా?

గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఇక్కడ ఒక మాట అంటారు: ‘మేం పెట్టుకుంటే ఏం లాభం, నోటిఫికేషన్ రావాలి కదా?’ నిజమే. తెలంగాణ తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులతో వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు, పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, అదీ హైకోర్టులో రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్. జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. ఒక్క అటెంప్ట్ అనుకున్నవాళ్లకి అలా రెండేళ్లు పైనే గడిచాయి.

అందుకే గడువుని అటెంప్టుల్లో కాకుండా తేదీల్లో పెట్టుకోండి. ‘ఫలానా నెల వరకు పూర్తి సమయం. తర్వాత ఉద్యోగం చేస్తూ చదువుతా’ అని. పరీక్ష వాయిదా పడొచ్చు, మీ తేదీ పడదు. సివిల్స్‌లో జనరల్ కేటగిరీకి ఆరు అటెంప్టులు, 32 ఏళ్ల వయసు అని యూపీఎస్సీ హద్దు పెట్టింది. అది వాళ్లు పెట్టిన హద్దు. మీ ఇంటి పరిస్థితి, మీ వయసు, మీ ఓపిక చూసి పెట్టుకునే హద్దు అంతకంటే ముందే ఉండొచ్చు.

రెండోది, ఆ తేదీ తర్వాత ఎక్కడికి వెళ్తారో కూడా రాసుకోండి. లక్ష్మణ్‌కి మెడిసిన్ ఉంది, అందుకే క్రికెట్‌ని ధైర్యంగా ఆడాడు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఆ లోపు ఉద్యోగంలో చేరినా అది మీ చేతిలోనే ఉంటుంది. గ్రూప్స్‌కి చదివిన ఎకానమీ, రాసిన వ్యాసాలు, రోజుకి పది గంటలు కూర్చునే అలవాటు ఎక్కడికీ పోవు. ఇంటర్వ్యూలో ‘ఈ రెండేళ్లు ఏం చేశారు?’ అని అడిగితే తలదించుకోకండి. ఏం చదివారో, ఎందుకు ఆపారో రెండు వాక్యాల్లో చెప్పడం ప్రాక్టీస్ చేయండి. నాకు ఉద్యోగం ఇచ్చినాయన ఎక్కువసేపు అడిగింది దాని గురించే.

ఆ ఆదివారం

ఆగస్టు 26న నాన్నా, నేనూ మ్యాచ్‌కి వెళ్లాం. హబ్సిగూడ మీదుగా ఆటోలో. అప్పుడే మెట్రో పనులు మొదలై రోడ్డంతా దుమ్ము. రోజంతా ఇండియా ఫీల్డింగే. లక్ష్మణ్ టెస్టుల్లో 135 క్యాచ్‌లు పట్టినవాడు, ఎక్కువగా స్లిప్స్‌లో. నా కళ్లు మాటిమాటికీ అటే వెళ్లాయి. అశ్విన్ తిప్పేస్తున్నాడు, వికెట్లు పడుతున్నాయి. ఆయన రెండో ఇన్నింగ్స్‌లోనూ ఆరు తీశాడు, మొత్తం పన్నెండు. ఇన్నింగ్స్ 115 పరుగులతో గెలిచాం. మూడో నంబరులో, ద్రవిడ్ ఖాళీ చేసిన చోట దిగిన పుజారా తొలి ఇన్నింగ్స్‌లో 159 కొట్టాడు.

అదే ఏడాది మన డెక్కన్ చార్జర్స్ కూడా పోయింది. 2009లో ఐపీఎల్ గెలిచిన జట్టు. 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. డగౌట్‌లో మెంటార్‌గా లక్ష్మణ్! 2021 చివర్లో బెంగళూరు వెళ్లి నేషనల్ క్రికెట్ అకాడమీ బాధ్యతలు తీసుకున్నాడు. అటు రష్‌లో మిగిలిన ఇద్దరూ కొత్త డ్రమ్మర్‌తో 2026లో టూర్ చేస్తామని 2025 అక్టోబరులో ప్రకటించారు. పాత బ్యాండ్ తిరిగి రాదు, ఆ సంగతి అభిమానులకీ తెలుసు. అయినా పాటలు ఇంకా వాళ్లవే.

స్టేడియం నుంచి తిరిగి వస్తూ నాన్నని అడిగాను, ‘లక్ష్మణ్ ఆడి ఉంటే బాగుండేది కదా?’ అని.

‘బాగుండేది’ అన్నారు నాన్న. ‘కానీ ఇవాళ కొత్త పిల్లలు బాగా ఆడారు కదరా.’

ఆ టికెట్లు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. మీరు ఈ రాత్రి క్యాలెండర్ తీసి ఒక తేదీ చుట్టూ గీత గీయండి. ఇంట్లో ఒక్కరికైనా చూపించండి. రేపు పొద్దున మామూలుగానే చదువుకోండి.