లైసెన్సుపై దోషాంకములు

మోటారు వాహనము నడుపువారు నిబంధనలను మీరిన యెడల జుల్మానా చెల్లింపవలసి వచ్చునని ఎల్లరకును తెలిసినదే. జుల్మానా కట్టి రశీదు పుచ్చుకొనినవాడు ఆ వ్యవహారము అంతటితో ముగిసినదని తలచును. కలవానికి వేయి రూపాయలు లెక్కకు రావు. లేనివానికి అదియే రెండు మూడు దినముల కూలి. కావున జుల్మానా ఒక్కటియే అందరిని సమానముగ అదుపులో ఉంచజాలదు. ఈ లోపమును తీర్చుటకై పెక్కు దేశములలో మరియొక పద్ధతిని అవలంబించిరి. తప్పు చేసినప్పుడెల్ల జుల్మానాతోబాటు డ్రైవరు లైసెన్సు ఖాతాలో కొన్ని డీమెరిట్ పాయింట్లు వ్రాయుదురు. వీనిని మనము దోషాంకములని చెప్పుకొనవచ్చును. ఎంత ధనమిచ్చినను వీనిని కొట్టివేయించుకొనుటకు వీలులేదు.

ఈ పద్ధతి ఎట్లు నడచునో తెలిసికొనుటకు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమును ఉదాహరణముగ తీసికొందము. ఆ రాష్ట్రమునకు రాజధాని సిడ్నీ నగరము. చదువులకును, ఉద్యోగములకును పోయిన మన తెలుగువారు అనేకులు అచట నివసించుచు వాహనములు నడుపుచున్నారు.

అచట వేగపరిమితిని గంటకు 10 కిలోమీటర్లలోపుగ మీరినవానికి 1 దోషాంకము. 10 దాటి 20 వరకు మీరిన 3, 30 వరకు 4, 45 వరకు 5, అంతకు మించిన 6. బడుల పరిసరములలో నిర్ణీతవేళలందు ఇదే తప్పునకు ఒక్కొక్క అంకము అదనముగ పడును. సీటు బెల్టు పెట్టుకొననివానికి 3, హెల్మెట్టు లేక మోటారు సైకిలు నడిపినవానికి 3, వాహనము నడుపుచు సెల్ ఫోను చేత పట్టినవానికి 5. జనసంచారము హెచ్చుగనుండు పండుగ సెలవులలో ఇట్టి తప్పులకు అంకములు రెట్టింపగును.

మూడు సంవత్సరముల కాలములో 13 దోషాంకములు చేరిన యెడల లైసెన్సును నిలుపుదల చేయుదురు. 13 మొదలు 15 వరకు ఉన్న మూడు మాసములు, 16 మొదలు 19 వరకు నాలుగు మాసములు, 20గాని అంతకు మించిగాని ఉన్న ఐదు మాసములు ఈ నిలుపుదల ఉండును. లెక్కకు వచ్చునది తప్పు జరిగిన తేదీయే కాని జుల్మానా కట్టిన తేదీ కాదు. ఒక డ్రైవరు పండుగ సెలవులలో ఫోను పట్టి 10 అంకములు తెచ్చుకొనెననుకొందము. మరుసటి సంవత్సరము మామూలు దినమున 15 కిలోమీటర్లు అధికవేగముతో పోయి మరి 3 తెచ్చుకొనెను. రెండే తప్పులతో వాని లైసెన్సు మూడు మాసములు పనికిరాకుండ పోయినది. ఆ కాలములో బండి నడుపుట వేరొక నేరము; దానికి న్యాయస్థానమున సమాధానము చెప్పుకొనవలెను.

క్రొత్తవారి విషయములో చట్టము మరింత కఠినముగనున్నది. నేర్చుకొనువారికిని, మొదటి తరగతి తాత్కాలిక లైసెన్సు గలవారికిని 4 అంకములే హద్దు. రెండవ తరగతి వారికి 7. కనుక మొదటి తరగతి యువకుడు ఒక్కసారి ఫోను పట్టిన చాలును, వాని లైసెన్సు నిలిచిపోవును.

బండి నడిపి పొట్టపోసికొనువాని గతి యేమని ఎవరైనను అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. రోజంతయు రోడ్డుమీద ఉండువానికి తప్పు జరుగుటకు అవకాశము ఎక్కువ. లైసెన్సు పోయిన వాని కుటుంబమునకు జీవనాధారము పోవును. ఇందువలన అచట వృత్తిగా వాహనములు నడుపువారికి హద్దును 14గ నిర్ణయించిరి. పూర్తి లైసెన్సు గలవాడు నిలుపుదలకు బదులు 12 మాసములు సత్ప్రవర్తనతో ఉందునని ఒప్పుకొనవచ్చును. ఆ గడువులో 2 అంకములు తెచ్చుకొనినచో నిలుపుదల కాలము రెట్టింపగును. మంచి నడవడికి ప్రోత్సాహము కూడ కలదు. 2023 జనవరి 17వ తేదీ మొదలుకొని ఒక సంవత్సరము ఏ తప్పును చేయనివారి ఖాతానుండి ఒక అంకమును తీసివేయు ఏర్పాటు చేసిరి.

ఈ పద్ధతికి ఆయువుపట్టు ఒకటి కలదు. కెమెరా పట్టునది బండి నంబరును; అంకము పడవలసినది నడిపినవాని పేర. కావున బండి యజమాని ఆ సమయమున నడిపినవాడెవరో తెలుపవలెను. ఒకరి తప్పును వేరొకరిపై మోపుట నేరము.

మన ప్రాంతమునకును ఈ ఆలోచన క్రొత్తది కాదు. 2017 ఆగస్టులో హైదరాబాదు ప్రాంతమున ఇట్టి పద్ధతినే ప్రవేశపెట్టిరి. 24 మాసములలో 12 పాయింట్లు చేరిన లైసెన్సును ఒక సంవత్సరము నిలుపుదల చేయుట అందలి నియమము. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణలో అంకముల లెక్క లేదు. అయినను హెల్మెట్టు లేక మోటారు సైకిలు నడుపుటకును, ఒకే బండిపై ముగ్గురు పోవుటకును జుల్మానాయే గాక మూడు మాసముల లైసెన్సు అనర్హతను కూడ ఆ చట్టము విధించుచున్నది. జుల్మానా కట్టినంతనే తప్పు మాసిపోదను నీతి రెండింటను ఒక్కటియే.

పంచాయతీ సభ్యులు ఈ సంగతిని గ్రామసభలలో వివరింపవలెను. ఆటో, ట్రాక్టరు, లారీ నడుపు యువకులకును, పనికై ఇతర దేశములకు పయనమగువారికిని ఇది ముఖ్యముగ తెలియవలెను. బయలుదేరుటకు ముందే అచటి హద్దు ఎన్ని అంకములో, ఏ తప్పునకు ఎన్ని పడునో విచారించి పోవలెను. లైసెన్సు నిలిచిన దినమున దాని నష్టము నడిపినవానితో ఆగదు. వాని సంపాదనపై ఆధారపడి ఊరిలోనున్న తల్లిదండ్రులకును, పిల్లలకును అది తగులును.