పాల కేంద్రంలో పాత కంప్యూటరు: 'టీకా'కూ అదను ఉంది

వానలకు ముందే గొంతువాపు టీకా వేయించాలని పాడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రోగం ఊళ్లోకి వచ్చాక డాక్టరు కోసం పరుగెత్తితే లాభం లేదని తెలుసు. రోజూ రెండు పూటలా పోసే పాల లెక్క దాచుకున్న కంప్యూటరుకు కూడా ఇలాంటి టీకాలే ఉంటాయి. వాటిని సెక్యూరిటీ అప్‌డేట్లు అంటారు. కొందరు అవి వచ్చిందే తడవుగా వెనకా ముందూ చూడకుండా వేసేస్తారు. మరికొందరు అసలు రానివ్వకుండా ఆపేస్తారు. రెండు విధాలా నష్టమే. ఏది వెంటనే వేయాలి, దేనికి వారం ఆగాలి, దేన్ని ముట్టుకోకూడదు అన్నది తెలుసుకుంటే పాల బిల్లుకు ఢోకా ఉండదు.

లెక్క పోతే పోయేది ఎవరి సొమ్ము?

పల్లెల్లో పాల కేంద్రాలకు కొత్త కంప్యూటర్లు కొనే స్తోమత తక్కువ. ఎక్కడో ఆఫీసులో వాడి తీసేసినవి, సెకండ్ హ్యాండులో తెచ్చినవి పెట్టుకుని నెట్టుకొస్తుంటారు. ఫ్యాట్ మిషను నుంచి, కాటా నుంచి వైర్లు ఆ కంప్యూటరుకే ఉంటాయి. రైతు నంబరు కొట్టగానే లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ అందులోకి ఎక్కుతాయి. చీటీ బయటికొస్తుంది. పది రోజులకో, పదిహేను రోజులకో బిల్లు తీస్తారు.

రెండు గేదెలున్న చిన్న రైతు రోజుకు 8 లీటర్లు పోస్తాడనుకుందాం. లీటరుకు 50 రూపాయలు పడినా పది రోజులకు 4 వేలు. దాణా బాకీ, పిల్లల ఖర్చు, ఇంట్లో సరుకులు అందులోంచే వెళ్లాలి. అలాంటి రైతులు వంద మంది ఉన్న కేంద్రంలో పది రోజుల లెక్క 4 లక్షల రూపాయలు. బిల్లుకు ముందు రోజు కంప్యూటరు మొరాయిస్తే ఎవరికి ఎంత రావాలో తేల్చడం తలకు మించిన పని. చీటీలు దాచుకున్నవాళ్లు బయటపడతారు. దాచుకోనివాళ్లు నోటి లెక్క చెప్పుకోవాలి. అందుకే ఈ సంగతి కార్యదర్శి ఒక్కడిదే అనుకోకూడదు. పాలు పోసే ప్రతి రైతుకూ సంబంధించిందే.

మార్చిలో మందు, మే నెలలో రోగం

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్‌లో ఉన్న ఒక పెద్ద లోపానికి అప్‌డేట్ విడుదల చేసింది. చాలామంది తర్వాత చూద్దాంలే అని ఊరుకున్నారు. రెండు నెలలు గడవకుండానే, మే 12న 'వన్నాక్రై' అనే వైరస్ సరిగ్గా ఆ లోపంలోంచే జొరబడింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తెరవాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నిటికి కూడా సోకింది. మార్చిలో ఆ అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లలోకి మాత్రం ఆ దారిన రాలేకపోయింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. అప్‌డేట్ విడుదలైందంటే, ఫలానా చోట కంచెకు కన్నం ఉందని దొంగలకు కూడా తెలిసినట్లే. మందును విప్పి చూసి, కన్నం ఎక్కడుందో కనిపెట్టి, ఇంకా పూడ్చుకోని కంప్యూటర్ల కోసం వెతుకుతారు. కాబట్టి ఆలస్యం చేసేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

మందు వికటించిన సందర్భాలూ ఉన్నాయి

అలాగని వచ్చిన గంటలోనే వేసేయడం కూడా తెలివైన పని కాదు. 2018 జనవరిలో వచ్చిన ఒక అప్‌డేట్ వేసుకున్నాక, ఏఎమ్‌డీ ప్రాసెసర్లున్న కొన్ని పాత కంప్యూటర్లు అసలు లేవనే లేదు. మైక్రోసాఫ్టే దాన్ని కొన్నాళ్లు ఆపింది. అదే ఏడాది అక్టోబరులో విడుదలైన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి ఫైళ్లను చెరిపేసింది. దాన్ని వెనక్కి తీసుకుని, సరిచేసి మళ్లీ నవంబరులో ఇచ్చారు.

2024 జూలై 19న జరిగింది ఇంకా పెద్దది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసివ్వాల్సి వచ్చింది.

పాల కేంద్రాలవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది 2014లో జరిగింది. మిషన్లను కంప్యూటరుకు కలిపే యూఎస్‌బీ కేబుళ్లలో ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్పులు వాడుతుంటారు. ఆ చిప్పులకు నకిలీలు మార్కెట్లో చాలా ఉన్నాయి. ఆ ఏడాది విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన కొత్త డ్రైవరు ఆ నకిలీ చిప్పులను పనిచేయకుండా చేసేసింది. గొడవ కావడంతో దాన్ని వెనక్కి తీసుకున్నారు. కేబుల్ కొన్నవాళ్లకు అది నకిలీదని తెలియను కూడా తెలియదు. ఫ్యాట్ మిషనుకు, కంప్యూటరుకు మధ్య ఉండేది సాధారణంగా ఇలాంటి కేబులే.

నాలుగు రకాలు, నాలుగు అదనులు

ఈ రెండు ప్రమాదాల మధ్య దారి కనుక్కోవాలంటే అన్ని అప్‌డేట్లనూ ఒకే గాటన కట్టకూడదు.

మొదటి రకం: దొంగలు అప్పటికే వాడుకుంటున్న లోపానికి వచ్చిన మందు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇలాంటి వాటిపై హెచ్చరికలు ఇస్తుంది. పేపర్లలో, టీవీల్లో వస్తుంది. ఇది గాలికుంటు పక్క ఊరికి వచ్చినట్లు. లెక్కకు కాపీ తీసుకుని ఒకటి రెండు రోజుల్లో వేసేయాలి.

రెండో రకం: ప్రతి నెలా వచ్చే మామూలు సెక్యూరిటీ అప్‌డేట్. మైక్రోసాఫ్ట్ దీన్ని 2003 నుంచి నెలలో రెండో మంగళవారం విడుదల చేస్తోంది. మనకు ఆ రాత్రి పొద్దుపోయాక, అంటే బుధవారానికి అందినట్లు లెక్క. దీనికి నాలుగు రోజుల నుంచి వారం దాకా ఆగొచ్చు. కొత్త విత్తనాన్ని పొలమంతా చల్లకుండా ముందు నాలుగు గుంటల్లో వేసి చూస్తాం కదా. ఆ వారంలో ప్రపంచమంతా వాళ్ల నాలుగు గుంటల్లో వేసి చూస్తారు. తేడా వస్తే వార్త తెలిసిపోతుంది. ఏమీ రాకపోతే మనం వేసుకోవచ్చు. వారం అన్నది నెల కాకూడదు.

మూడో రకం: విండోస్ రూపమే మార్చే పెద్ద అప్‌డేట్లు, 'ప్రివ్యూ', 'ఆప్షనల్' అని రాసి ఉండేవి. వీటికి తొందర లేదు. పాల సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లను అడిగి, దానితో పడుతుందని చెప్పాకే వేయాలి. ప్రివ్యూలను వదిలేసినా నష్టం లేదు.

నాలుగో రకం: డ్రైవర్లు. ఫ్యాట్ మిషను, కాటా, ప్రింటరు బాగా పనిచేస్తుంటే వాటి డ్రైవర్ల జోలికి పోవద్దు. కంపెనీ మనిషి వచ్చినప్పుడు ఆయన ఎదురుగానే మార్పించుకోవాలి.

ఏ రోజు, ఏ వేళ?

పాల కేంద్రానికి ఆదివారం లేదు, పండగ లేదు. ఉన్న ఖాళీ అల్లా పొద్దుటి పాలు వెళ్లాక, సాయంత్రం పాలు రాకముందు. పది గంటల నుంచి రెండింటి లోపు మంచి సమయం. కొత్త కంప్యూటరులో అరగంటలో అయ్యే పని పాతదాంట్లో రెండు మూడు గంటలు పట్టొచ్చు. అందుకని మధ్యాహ్నం మూడు దాటాక మొదలుపెట్టకూడదు.

రోజు విషయానికొస్తే, బిల్లు తీసి డబ్బు బ్యాంకుకు పంపిన మర్నాడు అన్నిటికన్నా మంచిది. ఒకవేళ తేడా వచ్చినా పోయేది ఒకటి రెండు పూటల లెక్కే. బిల్లుకు ముందు రెండు రోజులు మాత్రం వద్దు.

సాయంత్రం పాలు అయ్యాక ఇంటికెళ్లే తొందరలో 'అప్‌డేట్ అండ్ షట్‌డౌన్' నొక్కి వెళ్లిపోవడం చాలామందికి అలవాటు. మర్నాడు తెల్లవారుజామున బటన్ నొక్కితే మిగిలిన పని మొదలై 30 శాతం, 35 శాతం అంటూ కూర్చుంటుంది. బయట క్యాన్లతో జనం వరుసలో నిలబడి ఉంటారు. విసుగెత్తి స్విచ్ తీసేస్తే మొదటికే మోసం. విండోస్ 10లో ఈ బాధ తప్పించుకునే వీలుంది. సెట్టింగుల్లో 'అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ'లోకి వెళ్తే ఏడు రోజులు ఆపే మీట ఉంటుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో 35 రోజుల దాకా ఆపొచ్చు. 'యాక్టివ్ అవర్స్' దగ్గర ఉదయం 4 నుంచి రాత్రి 9 అని పెట్టుకుంటే ఆ వేళల్లో దానంతటది ఆగి మళ్లీ లేవదు.

కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే విండోస్ పాడయ్యే ప్రమాదం ఉంది. యూపీఎస్ బ్యాటరీ పోయి కేవలం డబ్బాగా మిగిలిన కేంద్రాలు ముందు బ్యాటరీ మార్పించుకోవాలి. ఈదురుగాలులు, కోతలు ఉన్న రోజు ఈ పని పెట్టుకోవద్దు.

వేసే ముందు, వేశాక

ముందుగా పాల లెక్కను పెన్‌డ్రైవులోకి కాపీ చేయాలి. కాపీ అయ్యాక దాన్ని పీకేసి బీరువాలో పెట్టాలి. కంప్యూటరుకే గుచ్చి ఉంచితే తాళాలు వేసే వైరస్ దానికి కూడా తాళం వేస్తుంది. ఇలాంటివి రెండు పెట్టుకుని మార్చి మార్చి వాడితే ఇంకా మంచిది. ఆ పది రోజుల లెక్కను కాగితం మీద ప్రింటు తీసి ఉంచుకోవాలి.

సీ డ్రైవులో చోటు ఎంతుందో చూడాలి. పాత కంప్యూటర్లలో అప్‌డేట్లు సగంలో ఆగిపోవడానికి చోటు లేకపోవడం ఒక ముఖ్య కారణం. సినిమాలు, అక్కర్లేని ఫొటోలు తీసేసి 20 జీబీ ఖాళీ ఉండేట్లు చూసుకోవాలి.

వేశాక ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయాలి. ఒక గ్లాసు పాలు ఫ్యాట్ మిషనులో పెట్టి అంకె తెర మీదికి వస్తోందా, కాటా బరువు చూపిస్తోందా, చీటీ వస్తోందా చూసుకోవాలి. సాయంత్రం వందమంది వచ్చాక కాదు, మధ్యాహ్నమే తెలియాలి. తేడా ఉంటే 'అప్‌డేట్ హిస్టరీ'లో 'అన్ఇన్‌స్టాల్' ద్వారా చాలావరకు వెనక్కి తీయొచ్చు. టీకా వేశాక గేదె ఒకట్రెండు రోజులు పాలు తగ్గించినట్లే కంప్యూటరు కూడా కాసేపు మందగిస్తుంది. దానికి కంగారుపడనక్కర్లేదు.

టీకాయే రాని కంప్యూటర్లు

విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో, 8.1కు 2023 జనవరి 10తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో గడువు తీరింది. అయితే విండోస్ 10 వాడేవాళ్లు ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు దాచుకుంటే డబ్బు కట్టనక్కర్లేదన్నారు. సంస్థలకు మాత్రం తొలి ఏడాది కంప్యూటరుకు 61 డాలర్లు పెట్టారు. విండోస్ 11 వేద్దామంటే ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లకు కంపెనీ ఒప్పుకోదు.

మరి వాటిని అవతల పారేయాలా? అక్కర్లేదు. ఫ్యాట్ మిషను, కాటా లెక్కకే పరిమితం చేసి ఇంటర్నెట్ వైరు తీసేయాలి. డబ్బు పంపడం, మెయిళ్లు చూడటం మరో కంప్యూటరులోనే చేయాలి. బయటి పెన్‌డ్రైవులు పెట్టనివ్వకూడదు. పిల్లల చదువుకు, దరఖాస్తులకు వాడే పాత కంప్యూటరైతే లినక్స్ మింట్, ఉబుంటు లాంటివి ఉచితంగా వేసుకోవచ్చు. వాటికి అప్‌డేట్లు వస్తాయి. పాల సాఫ్ట్‌వేర్, వేలిముద్ర మిషన్లు వాటిమీద పనిచేస్తాయో లేదో మాత్రం ముందే కనుక్కోవాలి.

ఇంకో సంగతి. సెకండ్ హ్యాండు కంప్యూటరు కొన్నప్పుడు అందులో దొంగ విండోస్ వేసి, అప్‌డేట్లు రాకుండా కట్టేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఆఖరి అప్‌డేట్ ఏ తేదీన పడిందో 'అప్‌డేట్ హిస్టరీ'లో చూడండి. ఏళ్ల కిందటి తేదీ ఉంటే అనుమానించాల్సిందే.

దొంగ మందులతో జాగ్రత్త

నకిలీ విత్తనాల్లాగే నకిలీ అప్‌డేట్లు కూడా ఉన్నాయి. 'మీ కంప్యూటరులో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని తెర మీద వస్తే నమ్మవద్దు. నిజమైన అప్‌డేట్ ఎప్పుడూ ఫోన్ నంబరు ఇవ్వదు, డబ్బు అడగదు. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు కూడా ఈ కోవలోవే. అప్‌డేట్ అనేది విండోస్ సెట్టింగుల్లోంచే వేసుకోవాలి. మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

సభ్యులు అడగాల్సినవి

కేంద్రం సర్వసభ్య సమావేశంలో ధర గురించి, బోనస్ గురించి అడుగుతాం. ఈసారి మరో మూడు ప్రశ్నలు కూడా అడగండి. పాల లెక్కకు కాపీ ఎక్కడ దాస్తున్నారు? కంప్యూటరులో ఆఖరి అప్‌డేట్ ఎప్పుడు వేశారు? కంప్యూటరు ఆగిపోతే ఆ పూట లెక్క రాసుకోవడానికి పుస్తకం సిద్ధంగా ఉందా? కార్యదర్శిని తప్పు పట్టడానికి కాదు. యూపీఎస్ బ్యాటరీకి, రెండు పెన్‌డ్రైవులకు తీర్మానం చేసి డబ్బు ఇస్తేనే ఆయన ఈ పని చేయగలడు.

అంతదాకా ప్రతి రైతూ చేయగలిగింది ఒకటుంది. పూటపూటకూ ఇచ్చే చీటీని బిల్లు చేతికందే వరకు పారేయకుండా దాచుకోవడం. చీటీల మీద అచ్చు త్వరగా వెలిసిపోతుంది కాబట్టి లీటర్లు, వెన్న శాతం ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకుంటే కంప్యూటరు ఉన్నా పోయినా రావాల్సిన పైసా ఎక్కడికీ పోదు.