కంప్యూటర్ పదేపదే ఆగిపోతోందా? ముందు దాని చిట్టా చదవండి

పని మధ్యలో కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. నీలం తెర వస్తుంది. దానంతటదే మళ్ళీ ఆన్ అవుతుంది. వెంటనే ఇంట్లో వినిపించే మాట "వైరస్ పట్టింది". ఆ తర్వాతి మాట "ఫార్మాట్ కొట్టించు". ఈ రెండు మాటల మధ్య ఎన్ని ఇళ్ళలో పెళ్ళి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు, ఇంటి లెక్కలు గాలికి కొట్టుకుపోయాయో! అసలు కారణం మాత్రం చాలాసార్లు అలాగే ఉండిపోతుంది.

అపోహ: పదేపదే క్రాష్ అవుతోందంటే వైరస్ ఉన్నట్టే

వాస్తవం: ఇప్పుడు వైరస్‌లు రాసేవాళ్ళలో ఎక్కువమందికి కావలసింది డబ్బు. మీ కంప్యూటర్ నిక్షేపంగా నడుస్తుంటేనే వాళ్ళు పాస్‌వర్డ్‌లు కాజేయగలరు. అది ఆగిపోతే వాళ్ళకేం లాభం? నీలం తెరకు మామూలుగా కారణమయ్యేవి వేరే ఉన్నాయి: పాడైన ర్యామ్, సరిపడని డ్రైవర్, చెడిపోతున్న డిస్కు, దుమ్ము పట్టిన ఫ్యాన్ వల్ల పెరిగే వేడి, బలహీనపడిన ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె).

మా అక్క వాళ్ళింట్లో డెస్క్‌టాప్ రోజుకు మూడు నాలుగుసార్లు ఆగిపోయేది. షాపులో రెండుసార్లు ఫార్మాట్ కొట్టి, రెండుసార్లూ యాంటీవైరస్ వేసి పంపారు. వారం తిరక్కుండానే మళ్ళీ అదే తంతు. నేను వెళ్ళిన రోజు స్టార్ట్ మెనూలో 'రిలయబిలిటీ' అని టైపు చేసి, రిలయబిలిటీ హిస్టరీ తెరిచాను. తేదీలవారీగా నిలువు గళ్ళు, క్రాష్ అయిన ప్రతి తేదీ దగ్గరా ఒక ఎర్ర గుర్తు. ఫార్మాట్ చేసిన మర్నాటి నుంచే ఆ ఎర్ర గుర్తులు మొదలయ్యాయి. నీలం తెర మీద కనిపించిన కోడ్ 'మెమరీ మేనేజ్‌మెంట్'. డిస్కంతా తుడిచి విండోస్ కొత్తగా వేసినా అదే కోడ్ వస్తోందంటే, ముందు హార్డ్‌వేర్‌నే అనుమానించాలి కదా. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ నడిపితే, హార్డ్‌వేర్ లోపం ఉందని పరీక్ష సగంలోనే చెప్పేసింది. ప్లగ్గు పీకి, కేబినెట్ తెరిచి, రెండు ర్యామ్‌లలో ఒక్కొక్కటే ఉంచి చూస్తే దోషం ఎందులో ఉందో తేలిపోయింది. అది మార్చాక ఎర్ర గుర్తులు ఆగిపోయాయి. రెండు ఫార్మాట్లలో పోయిన ఫొటోలు మాత్రం తిరిగి రాలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చిట్టా చదివేటప్పుడు ఒక జాగ్రత్త. విండోస్‌లోని మరింత వివరమైన చిట్టా, ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నెల్ పవర్ 41' కనబడగానే కరెంటు సమస్యే అని తేల్చేయకండి. కంప్యూటర్ సవ్యంగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దానర్థం. కారణం ఆ వరుసకు ముందున్న వరుసల్లో వెతకాలి.

అపోహ: రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెట్టింపు రక్షణ

వాస్తవం: ఫైలు తెరిచే ప్రతిసారీ యాంటీవైరస్ అడ్డుపడి తనిఖీ చేస్తుంది. ఇద్దరు కాపలాదార్లు ఒకే గుమ్మంలో ఒకరినొకరు ఆపుకుంటుంటే కంప్యూటర్ నెమ్మదించడం, బిగుసుకుపోవడం మామూలే. విండోస్ 10, 11లలో డిఫెండర్ ముందే ఉంటుంది. వేరే యాంటీవైరస్ వేస్తే సాధారణంగా డిఫెండరే పక్కకు తప్పుకుంటుంది. గొడవంతా బయటివి రెండు చేరినప్పుడు, లేదా పాతదాన్ని సగం తీసి వదిలేసినప్పుడు. తీసేసేటప్పుడు ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ వాడి పూర్తిగా తీయండి. ఇంటి అవసరాలకు డిఫెండర్ సరిపోతుందన్నది నా అభిప్రాయం.

అపోహ: యాంటీవైరస్ వల్ల క్రాష్ రానే రాదు

వాస్తవం: వస్తుంది. 2010 ఏప్రిల్‌లో యాంటీవైరస్ కంపెనీ మెకాఫీ పంపిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణంలాంటి 'ఎస్‌వీసీహోస్ట్' ఫైలునే వైరస్ అనుకుని పట్టుకుంది. ఆ కంప్యూటర్లు పదేపదే రీస్టార్ట్ అయ్యాయి. 2024 జులై 19న కంప్యూటర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా. విమాన సంస్థల కంప్యూటర్లు కూడా ఆగిపోవడంతో ఆ రోజు హైదరాబాద్ నుంచి బయల్దేరినవారిలో కొందరికి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

అలాగని యాంటీవైరస్‌ను శాశ్వతంగా ఆపేయడం పరిష్కారం కాదు. అనుమానం ఉంటే, విండోస్‌ను అత్యవసరమైన వాటితో మాత్రమే తెరిచే సేఫ్ మోడ్‌లో నడిపి చూడండి. అక్కడ బాగా నడిచి, మామూలుగా తెరిస్తే ఆగిపోతోందంటే డ్రైవర్ మీదో, తర్వాత వేసిన ఏదో ప్రోగ్రామ్ మీదో అనుమానం బలపడుతుంది. మీరు నమ్మే ప్రోగ్రామ్‌నే యాంటీవైరస్ అడ్డుకుంటుంటే ఆ ఒక్క ఫైలునే మినహాయింపుల్లో చేర్చండి. సీ డ్రైవ్ మొత్తాన్నో, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నో చేర్చారంటే దొంగకు తాళం చెవి ఇచ్చినట్టే.

అపోహ: యాంటీవైరస్ ఉంటే విండోస్ అప్‌డేట్లు అక్కర్లేదు

వాస్తవం: 2017 మే 12న, ఫైళ్ళను బంధించి డబ్బు అడిగే వానాక్రై వైరస్ విరుచుకుపడింది. అది దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే అతుకు వేసి ఇచ్చింది. వేసుకోనివాళ్ళే ఎక్కువగా దెబ్బతిన్నారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో చిక్కుకున్నాయి.

అపోహ: తెర మీద వచ్చిన సహాయ నంబరుకు ఫోన్ చేస్తే బాగుచేస్తారు

వాస్తవం: అసలైన క్రాష్ తెర మీద ఫోన్ నంబరు ఉండదు. ఒక స్టాప్ కోడ్, చాలా వాటిలో ఒక క్యూఆర్ కోడ్ ఉంటాయి. విండోస్ 11 కొత్త అప్‌డేట్లలో ఆ తెర నల్లగా కూడా వస్తోంది. సైరన్ మోగిస్తూ, నంబరు చూపిస్తూ వచ్చేది బ్రౌజర్‌లో తెరుచుకున్న ఉత్త పేజీ. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే చాలావరకు మూసుకుపోతుంది. పొరపాటున ఆ నంబరుకు ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకుంటే సిగ్గుపడి ఊరుకోకండి, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.