స్త్రీల పేర నేల, నగ, పాడి

పెండ్లి కుదిరినతోడనే మన సభ్యులలో పలువురు హైదరాబాదునకు బయలుదేరి పంజగుట్ట, అమీరుపేటలలోని నగల దుకాణములకు పోవుట వాడుక. ఆ ప్రాంతమున నేడు దున్నుటకు గుంట నేలయైన లేదు. మన యెకరము లమ్మిన సొమ్ము మాత్ర మక్కడికే చేరుచున్నది. కూతునకు ఇయ్యవలసినది ఇచ్చితిమని తండ్రి తృప్తి చెందును.

అయితే ఆ నగ గతి యేమగుచున్నదో విచారింతము. మృగశిర కార్తె వచ్చునప్పటికి విత్తనములకు, ఎరువులకు అదియే తాకట్టునకు పోవును. అప్పు మగని పేర, సొత్తు భార్యది. పంట పండినచో ధాన్యపు సొమ్ము మగని ఖాతాలో పడును. పంట పోయినచో వేలమునకు పోవునది ఆమె నగ. స్త్రీధనము పూర్తిగా భార్యదే యనియు, అందు భర్తకు హక్కు లేదనియు 1985లో ప్రతిభారాణి వ్యాజ్యెమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. కావున తాకట్టు పెట్టక తప్పనియెడల ఆమె సమ్మతితో, ఆమె పేరనే అప్పు వ్రాయించి, రసీదు ఆమెవద్దనే యుంచుట న్యాయము.

నేల సంగతి యింతకన్న పెద్దది. నాటు, కలుపు, పత్తి ఏరుట మొదలగు పనులలో అధికభాగము స్త్రీలదే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము దేశమందలి కమతములలో వారి యాజమాన్యమున నడచునవి నూటికి సుమారు 14 మాత్రమే. పట్టా లేనివారికి పంటరుణము దొరకుట కష్టము. తెలంగాణమున 2018లో వచ్చిన రైతుబంధు సొమ్ము పట్టాదారుకే అందెను. అదే యేడు ఆరంభమైన రైతుబీమా 5 లక్షలును పట్టాదారు మరణించినప్పుడే కుటుంబమునకు వచ్చునట్లు ఏర్పరచిరి. దినమంతయు మడిలో నిలిచిన ఇల్లాలు పట్టాదారు కానియెడల ఆ లెక్కలలో ఆమె రైతే కాదు.

చట్టము వెనుకబడి లేదు. 1985 సెప్టెంబరు 5 నుండి ఆంధ్రప్రదేశమున అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమారులతో సమానహక్కు కలిగెను. 2005 సవరణచే వివాహితలకును, దేశమంతటను అది వర్తించెను. ఆ హక్కు పుట్టుకతోనే వచ్చుననియు, 2005 నాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదనియు 2020 ఆగస్టు 11న సుప్రీముకోర్టు తేల్చెను. అయినను 2004 డిసెంబరు 20కి ముందే చెల్లుబాటుగా ముగిసిన పంపకములను తిరుగదోడ వీలులేదు. ఇది హిందువుల మాట. క్రైస్తవులకు 1925 నాటి వారసత్వ చట్టము కొడుకునకు, కూతునకు భేదము చూపదు.

ఆడబిడ్డకు పంచినచో కమతము ముక్కలగునని కొంద రందురు. ముగ్గురు కొడుకులకు పంచినప్పుడు రాని శంక ఇప్పుడేల? పట్టా తన పేర నుంచుకొని అన్నదమ్ములకే కౌలునకు ఇయ్యవచ్చును గదా.

పసుపు కుంకుమల క్రింద నిచ్చిన నేల విషయమున జాగ్రత్త అవసరము. పెద్దల యెదుట నోటిమాటగా నిచ్చినది పదియేండ్లు దున్నినను, పాసుపుస్తకము తండ్రి పేర నుండినచో అతని యనంతరము తగవు తప్పదు. స్థిరాస్తి దానము చెల్లవలెనన్న ఇద్దరు సాక్షుల సంతకములతో రిజిస్టరైన పత్రము కావలెను. 2020 నుండి తెలంగాణమున వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను, పేరు మార్పిడి తహసీల్దారు కార్యాలయముననే జరుగుచున్నవి.

నేల లేనివారికి పాడి గలదు. హనుమకొండ జిల్లా ముల్కనూరులో స్త్రీల పరస్పర సహాయ సహకార పాలసంఘము 2002లో డెయిరీ నెలకొల్పి, ‘స్వకృషి’ యను పేర పాలు అమ్ముచున్నది. సభ్యులును స్త్రీలే, పాలకవర్గమును స్త్రీలే. గేదె ఎవరి పేర కొన్నను, పాలసొమ్ము పాలు పోసినవారి చేతికి వచ్చుటయే అక్కడి విశేషము. మన సంఘమున పాలు తెచ్చునది ఇల్లాలు, వాటా పత్రము మగనిది. రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందే ఇల్లాండ్ర పేర సభ్యత్వపు దరఖాస్తులు కార్యదర్శికి అందజేయుట మేలు.