సైలెన్సర్ నట్టుకు తుప్పు ఎందుకు పడుతుంది?

మన కాలేజీ స్టాండులో మోటారు సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నప్పుడు ఒకసారి వంగి చూడండి. టాంకు తళతళలాడుతూ ఉంటుంది. సీటుకు కొత్త కవరు. కాని ఇంజను ముందు, సైలెన్సర్ గొట్టం సిలిండర్ హెడ్డును కలిసే చోట రెండు నట్లుంటాయే, అవి మాత్రం ఇటుక పొడి అద్దినట్లు ఎర్రగా, పొక్కులు పొక్కులుగా కనబడతాయి. విశాఖపట్నంలో ఉన్నాం గనుక సముద్రపు గాలి పీల్చి మురిసిపోతుంటాం. పాపం, ఆ నట్లూ అదే గాలి పీలుస్తున్నాయి. కవితలూ కథలూ ఉండవలసిన సావనీరులో ఈ నట్ల గోల ఏమిటని విసుక్కోకండి. ఇది జేబుకు సంబంధించిన విషయం.

ఎలాగంటారా? నూరు, నూట పాతిక సీసీ బళ్ళలో చాలా వాటికి ఆ చోట ఉండేవి ఆరు మిల్లీమీటర్ల ఉక్కు స్టడ్లు. ఒక కొన అల్యూమినియం హెడ్డులో దిగి ఉంటుంది, రెండో కొనకు నట్టు. నట్టు ఖరీదు ఎంతో ఉండదు. కాని తుప్పు పట్టి బిగుసుకుపోయిన నట్టును స్పానరుతో బలవంతంగా తిప్పితే నట్టు రాదు, స్టడ్డు పుటుక్కున విరుగుతుంది. ముక్క హెడ్డులో ఉండిపోతే డ్రిల్లు వేసి తీయాలి. ఆ డ్రిల్లు పిసరంత పక్కకు జరిగినా మెత్తని అల్యూమినియం మరలు పోతాయి. అప్పుడు కొత్త మరలు కోయించి లోపల ఉక్కు తీగచుట్ట వేయించాలి; అదీ కుదరకపోతే హెడ్డే మార్చాలి. హాస్టల్లో ఉండి చదువుకునే కుర్రవాడికి ఆ నెల మెస్సు డబ్బు అక్కడే చెల్లు. పోనీ ఒక్క నట్టుతోనే తిరుగుదామంటే భారమంతా దాని మీద పడి, గాస్కెట్టు పక్కనుంచి పొగ చిమ్మి, కొన్నాళ్ళకు అదీ వదులవుతుంది.

ఇనుమూ, నీరూ, ప్రాణవాయువూ కలిస్తే తుప్పు అని ఇంటర్మీడియట్లోనే బట్టీ పట్టాం. ఉప్పు సంగతి మాత్రం అక్కడ పైపైన చెప్పి వదిలేశారు. ఉప్పు కరిగిన నీటిలో విద్యుత్తు తేలికగా పారుతుంది గనుక తుప్పు పని జోరందుకుంటుంది. ఇంకొకటి కూడా ఉంది. వానాకాలంలో వంటింటి ఉప్పు జాడీ చెమ్మగిల్లడం అందరం చూచినదే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకొని తానే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా కలిసి ఉంటుంది. దానికైతే 33 శాతం తేమ చాలు. కాబట్టి బీచ్ రోడ్డు వెంట భీమిలి దాకా షికారు వెళ్ళివచ్చిన బండి తుప్పు పట్టడానికి వాన కురవనక్కరలేదు. నట్టు మీద కూర్చున్న ఉప్పే రాత్రంతా గాలిలోంచి నీళ్ళు తోడుకుంటుంది.

"మరి ఇంజను వేడికి ఆ తడి ఆరిపోదా మాష్టారూ?" అని సెకండియర్ విద్యార్థి ఒకడు అడిగాడు. మంచి ప్రశ్నే. బండి నడిచినంతసేపూ అక్కడ తడి నిలవదు. అయితే నీరు ఆరుతుంది గాని ఉప్పు ఆరిపోదు కదా! ఇంజను చల్లబడగానే మళ్ళీ చెమ్మ చేరుతుంది. క్లాసుకూ, కాంటీనుకూ, హాస్టలుకూ తిరిగే బండి రోజుకు నాలుగైదుసార్లు కాగి చల్లారుతుంది. లోహం సాగి ముడుచుకున్నప్పుడల్లా పైనున్న తుప్పు పొర బీటలు వారి లోపలి కొత్త ఇనుము బయటపడుతుంది. కొత్త నట్టు మీద పసుపుగానో తెల్లగానో మెరిసే జింకు పూత ఇక్కడ ఎక్కువ కాలం ఆగదు. జింకు కరిగేది 420 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే అయినా, అంతదూరం పోకముందే ఆ పూత రక్షణ సన్నగిల్లుతుంది.

అదే కుర్రవాడు ఢిల్లీ ఇనుప స్తంభం సంగతి కూడా ఎత్తాడు. 1600 ఏళ్ళుగా దానికి పట్టని తుప్పు నా బండికెందుకు అని. కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం గారు చూపించినట్లు, ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ గనుక పైన కాపాడే పొర ఒకటి ఏర్పడింది. పైగా దాన్నెవరూ పూటపూటా కాల్చి చల్లార్చడం లేదు, దానికి ఉప్పు గాలీ లేదు.

ఇంతకీ మన స్టడ్డుకు ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. నట్టు వైపు ఎర్ర తుప్పు. అది తాను తిన్న ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది గనుక మరల మధ్య ఇరుక్కొని నట్టును పట్టేస్తుంది. హెడ్డు వైపు తెల్ల పొడి. ఉక్కూ అల్యూమినియమూ ఆనుకొని ఉన్నచోట ఉప్పునీరు చేరితే చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో కరిగేది ఉక్కు కాదు, అల్యూమినియం. ఈ రెండింటికీ ఒకే మందు అనుకోవడం వల్లనే చాలామంది చేతులు కాల్చుకుంటున్నారు.

మనవాళ్ళు మామూలుగా చేసేది కాస్త ఇంజనాయిలు పూయడం. చెయినుకు అది బాగానే ఉంటుంది. ఇక్కడ ఆ వేడికి కాలి బొగ్గై మరలను ఇంకా బిగిస్తుంది. మామూలు గ్రీజుదీ అదే గతి. డబ్బాలోంచి చిమ్మే పలుచని నూనెలు బిగిసిన నట్టును విప్పడానికి పనికొస్తాయి గాని కాపలాకు పనికిరావు. నాలుగు రోజుల్లో ఎగిరిపోతాయి. వేడికి తాళే వెండిరంగు పెయింటు పైకి అందంగానే ఉంటుంది, అయితే అది మరల లోపలికి పోదు.

పనిచేసేది మోటారు సామాన్ల షాపుల్లో యాంటీ సీజ్ అని అడిగితే ఇచ్చే పేస్టు. గ్రీజులో మెత్తని రాగి పొడి కలిపి ఉంటుంది. గ్రీజు కాలిపోయినా రాగి పొడి మరల మధ్య పరుపులా మిగిలి ఇనుమును ఇనుముతో అంటుకోనివ్వదు. వానలకు ముందు ఏటా ఒకసారి ఇంజను పూర్తిగా చల్లబడ్డాక నట్లు తీసి, మరలను వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, ఈ పేస్టు పలుచగా పూయండి. దోసెకు నూనె రాసినట్లు చాలు, ఇడ్లీకి చట్నీ పెట్టినట్లు వద్దు! గాస్కెట్టు నలిగి ఉంటే కొత్తది వేయండి. స్టడ్డునే విప్పి బిగించవలసి వస్తే మాత్రం హెడ్డులో దిగే కొనకు రాగి పేస్టు వాడకండి. ఉప్పు గాలిలో రాగికీ అల్యూమినియానికీ అసలు పొసగదు. అక్కడ నికెల్ పొడి కలిపిన పేస్టు మేలు.

ఒక చిక్కుంది. ఆరు మిల్లీమీటర్ల నట్టుకు సాధారణంగా సర్వీసు పుస్తకం చెప్పే బిగింపు సుమారు ఒక కిలోగ్రామ్-మీటరు. అది పొడి మరలకు చెప్పిన లెక్క. పేస్టు రాస్తే రాపిడి తగ్గి, అదే తిప్పుడుకు స్టడ్డు ఎక్కువ సాగుతుంది. కాబట్టి ఐదో వంతు తగ్గించి, రెండు నట్లనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి.

దొరికితే ఇత్తడి నట్లు వేసుకోండి, ముఖ్యంగా పొడుగాటివి. ఇత్తడికి ఎర్ర తుప్పు పట్టదు. స్టడ్డుకంటే మెత్తన గనుక ఏదైనా పాడయితే నట్టే పాడవుతుంది, స్టడ్డు బతుకుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మోజుతో స్టడ్డూ నట్టూ రెండూ అవే వేయించుకుని పేస్టు రాయకపోతే, తుప్పు లేకుండానే ఒకదాన్నొకటి కరుచుకుపోతాయి.

ఇప్పటికే బిగిసిపోయిన వాటి మాటేమిటి? ముందురోజు రాత్రి తుప్పు విప్పే నూనె వేసి వదిలేయండి. మర్నాడు నోరు అరిగిన స్పానరు పక్కనపెట్టి, నట్టు ఆరు ముఖాలనూ పట్టే సాకెట్టుతో ముందు వెంట్రుకవాసి బిగించే వైపు, తరువాత విప్పే వైపు, అలా అటూ ఇటూ ఆడించండి. స్పానరుకు ఇనుప గొట్టం తగిలించి ఎక్కి తొక్కడం మాత్రం వద్దు. ఖర్మకాలి విరిగితే, మొన కాస్త బయటకు ఉన్నట్లయితే షెడ్డు మేస్త్రీ దగ్గరకు వెళ్ళండి. మొన మీద వేరే నట్టు పెట్టి వెల్డింగు చేసి, ఆ వేడి మీదనే తిప్పుతాడు. వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెండింతలు సాగుతుంది, పట్టు సడలుతుంది. ఈ లెక్క మనం పుస్తకంలో చదువుతాం, ఆయనకు చేతిలోనే ఉంది.

సముద్రం ఒడ్డున తిరిగి వచ్చిన రోజున ఇంజను చల్లబడనిచ్చి మంచినీళ్ళతో ఆ భాగం కడిగి, పది నిమిషాలు నడిపి ఆరబెట్టండి. కొన్ని వీధుల్లో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి. నోట వేసుకుని చూచి మరీ కడగండి. రాత్రిపూట బండి మీద ప్లాస్టిక్ పట్టా కప్పి కింద తాడుతో బిగించి కడతారు కొందరు. లోపలి చెమ్మ పోవడానికి దారి ఉండదు. కప్పితే గుడ్డే కప్పండి, అంచులు వదిలేసి.