గాజుతొట్టెలోని తోట

హైదరాబాదు నగరపు దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు, బాలాపూరు పేటలలో కొందరు తమ ఇండ్లయందు గాజుతొట్టెలలో రంగురంగుల చేపలను పెంచుచున్నారు. ఆ తొట్టెలో ప్లాస్టిక్ మొక్కలకు బదులు జీవముగల నీటిమొక్కలను నాటినచో, అది చిన్న చెరువువలె కళకళలాడును. ఐతే, చేలోని పైరునకువలెనే ఈ మొక్కలకును ఆహారము కావలెను. పొలమున ఎరువు మితిమీరినచో పైరు చెడును. తొట్టెలో మితిమీరినచో నోరులేని చేపల ప్రాణములకే ముప్పు వాటిల్లును. కావున ఎరువు వేయుటకు ముందు తొట్టెలో జరుగు వ్యవహారమును చక్కగా తెలిసికొనవలెను.

మొక్కలు వెలుతురులో ప్రాణవాయువును విడుచునని 1779లో ఇంగెన్‌హౌస్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. నీటిలో ముంచిన ఆకులనుండి ఎండలో వెలువడు బుడగలను చూచియే ఆయన ఈ సత్యమును గ్రహించెను. 1850లో లండను రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్‌టన్ ఒక తొట్టెలో రెండు బంగారుచేపలను, వాలిస్నేరియా మొక్కలను, నత్తలను కలిపి పెంచి, అవి ఒకదానికొకటి ఎట్లు తోడ్పడునో వివరించెను. చేప విడుచు బొగ్గుపులుసు వాయువు మొక్కకు ఆహారము. మొక్క విడుచు ప్రాణవాయువు చేపకు ఊపిరి.

చేపల మలినములనుండియు, తినక మిగిలిన మేతనుండియు అమోనియా పుట్టును. అది చేపలకు విషము. నీటిలోని కొన్ని సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగా మార్చును. అదియు విషమే. మరికొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చును. ఇది కొద్దిపాటిగా నున్నచో హాని చేయదు. పైగా మొక్కలకు నత్రజని నొసగును. కొత్త తొట్టెలో ఈ సూక్ష్మజీవులు వృద్ధిపొందుటకు కొన్ని వారములు పట్టును. అందుచేత తొట్టె సిద్ధమైన నాడే చేపలను నింపరాదు.

చేపలున్న తొట్టెలో నత్రజని, భాస్వరము కొంతవరకు మేతవలననే లభించును. సాధారణముగా కొరతపడునవి పొటాషియము, ఇనుము. ఏ ఒక్క పోషకము తక్కువైనను, తక్కినవి ఎంత సమృద్ధిగా నున్నను మొక్క పెరుగదు. ఈ కొరతను ఆకులే చెప్పును. ముదురాకులు పసుపుబారినచో నత్రజని చాలలేదనియు, ముదురాకులలో చిల్లులు పడినచో పొటాషియము తక్కువైనదనియు, లేతాకులు పాలిపోయి ఈనెలు మాత్రము పచ్చగా నున్నచో ఇనుము తగ్గినదనియు ఊహింపవచ్చును.

కొల్లేటి ప్రాంతపు చేపలచెరువులలో రైతులు పశువుల పెంటను, సూపర్ ఫాస్ఫేటును వేయుదురు గదా, మన తొట్టెలో ఏల వేయరాదని కొందరడుగవచ్చును. అచ్చట ఎకరముల కొలది నీరుండును. చేపలకు మేతయగు సూక్ష్మజీవరాశిని పెంచుటకే ఆ ఎరువు వేయుదురు. తొట్టెలో నున్నది నాలుగు బిందెల నీరు. అందు చిటికెడు యూరియా వేసినను అది అమోనియాగా మారి చేపలను చంపగలదు. కావున యూరియా, డి.ఏ.పి., పెంట తొట్టెలో ఎన్నడును వేయరాదు. నీటిమొక్కలకని ప్రత్యేకముగా చేసిన ద్రవమునే వాడవలెను. వేళ్లతో నెక్కువగా ఆహారము గ్రహించు మొక్కలకు ఎరువుబిళ్లను ఇసుకలో లోతుగా గుచ్చవలెను. రొయ్యలు, నత్తలు ఉన్నచో రాగి అధికముగా నున్న ఎరువును మానవలెను. అది వానికి విషతుల్యము.

ఇక మోతాదు. తొట్టె పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 30 సెంటీమీటర్లు అనుకొందము. దాని ఘనపరిమాణము 54 లీటర్లు. కాని అడుగున 5 సెంటీమీటర్ల ఇసుక, పైన 5 సెంటీమీటర్ల ఖాళీ ఉన్నచో నీరు 36 లీటర్లే. సీసాపై 10 లీటర్లకు వారమునకు 1 మిల్లీలీటరు అని యున్నచో, వేయదగినది 3.6 మిల్లీలీటర్లు, 54 లీటర్లకు లెక్కించినచో 5.4 అగును. ఒక చిన్న పొరపాటు మోతాదును ఒకటిన్నర రెట్లు చేయును! మొదట సగముతో, అనగా 1.8 మిల్లీలీటర్లతో ప్రారంభించి, రెండు మూడు వారములు ఆకులను, చేపలను గమనించి, అవసరమైననే పెంచవలెను. సూదిలేని సిరంజితో కొలుచుట మేలు.

వారమునకొకసారి నాలుగవవంతు నీటిని మార్చినచో మిగిలిన ఎరువు పేరుకొనదు. కుళాయినీటిలో క్రిములను చంపుటకు క్లోరిను కలుపుదురు. ఆ నీటిని వెడల్పైన పాత్రలో ఒక దినము నిలువనుంచి పోయవలెను. దీపమును ఎనిమిది గంటలకు మించి వెలిగింపరాదు. ఎరువు, వెలుతురు రెండును ఎక్కువైనచో పాచి కమ్ముకొనును. రాత్రివేళ మొక్కలును ప్రాణవాయువునే పీల్చును. 20 డిగ్రీల వేడిమిలో లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును కరిగించుకొనగా, 30 డిగ్రీలలో అది సుమారు ఏడున్నరకు తగ్గును. కావున మన వేసవిలో మరింత జాగ్రత్త వలయును. తెల్లవారుజామున చేపలు పైకివచ్చి నోరు తెరచుచున్నచో అది అపాయసూచన. వెంటనే కొంత నీరు మార్చి, గాలిపంపును నడిపి, ఎరువు నిలుపవలెను.

ఈ సూత్రమే చెరువులకును వర్తించును. కుతుబ్‌షాహీల కాలమున 16వ శతాబ్దమున నిర్మించిన హుస్సేన్‌సాగరమునందును, నగరపు పెక్కు చెరువులందును మురుగునీరు చేరుటచే నత్రజని, భాస్వరము మితిమీరి పాచియు, గుర్రపుడెక్కయు ప్రబలినవి. గుర్రపుడెక్క దక్షిణ అమెరికానుండి అందముకొరకు తెచ్చిన మొక్కయే. కావున తొట్టెలో అక్కరలేని మొక్కలను గాని చేపలను గాని చెరువులో వదలరాదు. మొక్కలను ఎండబెట్టి పారవేయవలెను. తొట్టెనుండి తీసిన నీటిని పెరటి మొక్కలకు పోసినచో వానికది మంచి ఎరువగును.

అమితమైనచో అమృతమును విషమగునని పెద్దలందురు. కొలిచి వేయుట, వేచి చూచుట, తగ్గించుటకు జంకకుండుట అను ఈ మూడింటిని పాటించువాని తొట్టెలో మొక్కయు బ్రదుకును, చేపయు బ్రదుకును.